వరంగల్‌లో గుర్రం: పన్నెండేళ్లు మేపాక

హనుమకొండ శివారులో పన్నెండేళ్లుగా మేపినవి మూడు: మార్వారీ ఆడగుర్రం, కాఠియావాడీ మగది, ఒక తట్టు (పొట్టి జాతి గుర్రం). మూడింటినీ ఇబ్బంది పెట్టినవి రెండే, మేత, గిట్టలు.

మార్వారీ, కాఠియావాడీ రాజస్థాన్, గుజరాత్ ఎండ ప్రాంతాల జాతులు. నీడ, నీళ్లు ఉంటే మన మే నెలను తట్టుకుంటాయి, తట్టుకోలేనిది వానాకాలం బురదను. చెవి కొనలు ఒకదాన్నొకటి తాకుతుంటే ధర పెరుగుతుంది గానీ నడక బాగుపడదు. తట్టును బరాత్‌కు ఎవరూ అడగరు. అయినా పిల్లలకు స్వారీ నేర్పాలంటే మా ఓటు దానికే. కొంచెం మేతతో సరిపెట్టుకుంటుంది, గిట్ట రాయిలా ఉంటుంది.

ఇక్కడ సులువుగా దొరికేది వరిగడ్డి. బర్రె నెమరేసి అరిగించుకుంటుంది, గుర్రానికి నెమరు లేదు. ఉత్త వరిగడ్డి మీదే ఉంచి, నీళ్లు తక్కువైతే పెద్దపేగులో గడ్డకట్టి లద్ది ఆగిపోతుంది. 350 కిలోల గుర్రానికి రోజుకు 7 కిలోల ఎండు మేత కావాలి. ఎక్కువ భాగం గరిక, కొంత ఎండు జొన్న చొప్ప. కోసిన మోడు నుంచి వచ్చిన పచ్చి జొన్న పిలకలు మాత్రం విషం. ఉలవలు రోజుకు మొత్తం కిలో, నానబెట్టి, ఉడికించి, రెండు పూటలకు పంచాలి. ఉప్పు 30 గ్రాములు. నీళ్లు మామూలు రోజుల్లో 25 లీటర్లకు తగ్గకూడదు, ఎండాకాలం 40 దాటుతాయి.

మన వైపు మక్కలు దండి కాబట్టి దాణాలో అవే పోయాలనిపిస్తుంది. రోడ్డు మీద ఆరబోసి, వానకు తడిసి బూజు పట్టినవి ఒక్క దోసెడు కూడా వద్దు. ఆ బూజు విషం గుర్రం మెదడును కరిగిస్తుంది. బర్రె, కోడి తట్టుకునే మోతాదును గుర్రం తట్టుకోదు. ఎరువుకు తెచ్చిన ఆముదం చెక్క సంచులు కూడా కొట్టం దరిదాపుల్లో ఉండకూడదు.

కడుపునొప్పి వస్తే గుర్రం కాలితో నేల గీకుతుంది, తల తిప్పి డొక్క చూసుకుంటుంది, పడి పొర్లుతుంది. గుర్రానికి వాంతి రాదు, కడుపులో ఉబ్బింది పైకి పోయే దారే లేదు. ఊళ్లో పెద్దలు సీసాతో నూనె పోయమంటారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి కన్నా ముందు అదే చంపుతుంది. మేత తీసేసి, మెల్లగా నడిపిస్తూ డాక్టరుకు ఫోన్ చేయాలి. మామునూరు పశువైద్య కళాశాల దగ్గర ఉండడం వరంగల్ వాళ్ల అదృష్టం.

గిట్ట రోజూ ఎత్తి చూడాల్సిందే. అడుగున బాణం మొనలా ఉండే మెత్తటి భాగం పక్క గాడుల్లో నల్లరేగడి ఇరుక్కుని నాలుగు రోజులు తడిగా ఉంటే కుళ్లుతుంది. కంటికి కనబడక ముందే ముక్కుకు తెలుస్తుంది, మురిగిన వాసన. కొక్కెంతో శుభ్రం చేసి, ఆరనిచ్చి, లీటరు నీళ్లకు 50 గ్రాముల మైలతుత్తం కలిపి దూదితో అద్దాలి. కింద పొడి నేల లేకపోతే ఏం పూసినా దండగ.

బరాత్‌లకు సీసీ రోడ్ల మీద తిప్పేవాటికి నాడాలు తప్పవు. ఆరు వారాలకోసారి తీసి, పెరిగిన గిట్ట చెక్కి మళ్లీ కొట్టించాలి. నాడాను గిట్టకు తగ్గట్టు వంచాలి గానీ, గిట్టను నాడాకు తగ్గట్టు అరగదీయకూడదు. ఎద్దులకు కొట్టే చేయి వేరు, గుర్రానికి కొట్టే చేయి వేరు. గిట్ట అడుగున గోడకూ పాదానికీ హద్దుగా ఉండే తెల్లగీత దాటి మేకు లోపలికి దిగితే ఒకట్రెండు రోజుల్లో గిట్ట వేడెక్కి గుర్రం కుంటుతుంది. మేకు గాయానికి ధనుర్వాతం ముప్పు, ఏటా టీకా మానొద్దు. జోరీగల కాలంలో జ్వరం వచ్చిపోతూ, బాగా తింటూనే చిక్కిపోతుంటే సర్రా (జోరీగలు అంటించే రక్త పరాన్నజీవి జబ్బు) అని అనుమానించి, జ్వరం ఉన్న రోజే రక్తం పరీక్షకు ఇవ్వాలి.

కొనేటప్పుడు, అది నాందేడ్ దగ్గర మాలేగావ్ జాతరైనా సరే, నోరు తెరిపించండి. పై వరుసలో ముందు పళ్ల చివరిదాని మీద పదేళ్లకు చిగురు దగ్గర ఒక నిలువు గీత మొదలై, పదిహేనుకు దాదాపు సగం దిగుతుంది. తొమ్మిదేళ్లంటున్న గుర్రానికి ఆ గీత సగం దాకా ఉంటే అమ్మేవాడితో వాదన అనవసరం. ఇది గుడ్డి గుర్రం పళ్లు తోమే పని కాదు, డబ్బులు మిగిల్చే పని. ఆ తర్వాత మెత్తటి ఇసుకలో కాకుండా గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టి దుడుకు నడక (నడకకూ పరుగుకూ మధ్యది, ట్రాట్) నడిపించమనండి. తల పైకి ఎగిరినప్పుడు నేల మీద ఆని ఉన్న ముందుకాలే నొప్పి కాలు.