ఐఫోన్ నుంచి మిడ్‌రేంజ్ ఆండ్రాయిడ్‌కి మారాక రెండున్నరేళ్లు

ఆరేళ్లు ఐఫోన్ వాడిన తర్వాత, రెండున్నరేళ్ల కిందట ఒక మిడ్‌రేంజ్ ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నాను. మోడల్ పేరు రాయడం లేదు. మారబోయేవాళ్లకి నేను చెప్పదలచుకున్నవి ఏ మోడల్ కొన్నా ఎదురయ్యేవే.

కొనేముందు పది రోజులు స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చూశాను. ర్యామ్ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, ఛార్జర్ ఎన్ని వాట్లు. వాడటం మొదలుపెట్టాక వీటిలో చాలావాటి గురించి మళ్లీ ఆలోచించనే లేదు. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది పాత ఫోన్లో ఉన్నవి కొత్తదాంట్లోకి తెచ్చుకోవడం.

ముఖ్యంగా వాట్సాప్. చనిపోయిన మా తాతయ్య వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. ఐఫోన్లో వాట్సాప్ బ్యాకప్ ఆపిల్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్ ఐక్లౌడ్‌కి వెళ్తుంది, ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాకి వెళ్తుంది. ఒకదాని బ్యాకప్‌ని రెండోది చదవలేదు. కాబట్టి రెండు ఫోన్లనీ కేబుల్‌తో కలిపి చాట్లు పంపించాలి. కొత్త ఫోన్‌ని మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే ఈ పని చేయాలన్న సంగతి నాకు తెలియదు. హడావుడిగా సెటప్ ముగించి, యాప్‌లన్నీ వేసుకుని, బ్యాంకు యాప్‌లో లాగిన్ కూడా అయ్యాక వాట్సాప్ తెరిస్తే పాత చాట్లు ఒక్కటీ లేవు. గుండె జారిపోయింది. చివరికి కొత్త ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి, మొదటి నుంచీ మొదలుపెట్టాను. లైట్నింగ్ (నా ఐఫోన్ ఛార్జింగ్ పిన్) నుంచి టైప్-సికి (కొత్త ఫోన్ పిన్) వెళ్లే కేబుల్ పెట్టి, ఐఫోన్లో వాట్సాప్ సెట్టింగ్స్‌లోని చాట్స్‌లో ‘ఆండ్రాయిడ్‌కి చాట్లు తరలించు’ అనే ఆప్షన్ నొక్కితే గంటన్నరలో అన్నీ వచ్చాయి. కాల్ హిస్టరీ రాలేదు, దాంతో నాకు పని లేదు. తాతయ్య గొంతు వచ్చింది, అది చాలు. దయచేసి ఈ పని అయ్యేదాకా పాత ఫోన్‌ని ఎవరికీ ఇవ్వకండి, అందులో వాట్సాప్ తీసేయకండి.

ఐఫోన్లోంచి సిమ్ తీసేముందు ఐమెసేజ్‌ని (ఐఫోన్ల మధ్య మెసేజ్‌లు పంపే ఆపిల్ సర్వీస్) ఆఫ్ చేయాలి. మరిచిపోతే మిగతా ఐఫోన్ల నుంచి మీ నంబర్‌కి వచ్చే మెసేజ్‌లు కొత్త ఫోన్‌కి చేరకపోవచ్చు. ఫొటోల విషయంలో ఇంత కష్టం లేదు. ఐక్లౌడ్‌లోని ఫొటోలను నేరుగా గూగుల్ ఫొటోస్‌కి పంపే సౌకర్యం ఆపిల్ 2021లో తెచ్చింది. కాకపోతే గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీయే కాబట్టి అందులో మీ ఫొటోలు పడతాయో లేదో ముందే చూసుకోండి. డబ్బు పెట్టి కొన్న యాప్‌లు మాత్రం రావు, మళ్లీ కొనాల్సిందే. చేతికి ఆపిల్ వాచ్ ఉంటే ఆండ్రాయిడ్‌కి మారకముందే బాగా ఆలోచించండి, ఆ రెండూ కలవవు. ఎయిర్‌పాడ్స్ మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలా పనిచేస్తాయి.

అలవాటు పడటానికి వారం పట్టింది. ఇప్పుడు నాకు బాగా నచ్చింది, వెనక్కి వెళ్లడానికి తెర కుడి అంచు నుంచైనా ఎడమ అంచు నుంచైనా వేలు జరిపితే చాలడం. ఒక చేత్తో వాడేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

రెండో నెలలో అసలు ఇబ్బంది మొదలైంది. మెసేజ్‌లు గంట ఆలస్యంగా వచ్చేవి. ఒకసారి అమ్మకి మందులు గుర్తుచేసే యాప్ మోగనే లేదు. నెట్‌వర్క్ సమస్య అనుకుని చాలా రోజులు దాని వెంట పడ్డాను. తీరా చూస్తే, బ్యాటరీ ఆదా చేయడానికి ఫోనే వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తోంది. మిడ్‌రేంజ్‌లో చాలా కంపెనీలు బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఇలా చేస్తాయి. యాప్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ దగ్గరికి వెళ్లి, మనకి ముఖ్యమైన నాలుగైదు యాప్‌లకి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ (వెనకాల ఆపకుండా నడవనివ్వు అని) పెట్టాలి. పెట్టాక ఇంతవరకూ మందుల అలారం తప్పలేదు. ఐఫోన్ నుంచి వచ్చేవాళ్లకి ఇలాంటి సెట్టింగ్ ఒకటుంటుందన్న ఊహే రాదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కెమెరా పగటిపూట బాగుంటుంది. రాత్రి పరవాలేదు. కదులుతున్న పిల్లల్ని తీస్తే మసకబారుతుంది. బ్యాటరీ ఇప్పటికీ సాయంత్రం దాకా వస్తోంది.

ఇక అప్‌డేట్లు. ఐఫోన్‌కి ఐదారేళ్లు అప్‌డేట్లు వస్తూ ఉండటంతో ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. నా ఫోన్‌కి కంపెనీ ఇచ్చిన మాట మూడు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు. మొదటి ఏడాది నెలనెలా వచ్చాయి, ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నాయి. అదే మధ్యస్థాయిలో 2024లో వచ్చిన పిక్సెల్ 8ఏకి గూగుల్ ఏడేళ్లు ఇస్తానంది. 2025లో వచ్చిన గెలాక్సీ ఏ56కి శాంసంగ్ ఆరేళ్లు అంది. అయితే ఈ ఏళ్లు ఫోన్ విడుదలైన నాటి నుంచి లెక్క, మనం కొన్న రోజు నుంచి కాదు. తగ్గింపులో దొరుకుతోందని రెండేళ్ల కిందటి మోడల్ కొంటే ఆ రెండేళ్లూ అప్పటికే అయిపోయినట్టే. నేను కొన్నదీ అప్పటికి తొమ్మిది నెలల పాతది.

స్టోరేజ్ 128 జీబీ తీసుకున్నాను. రెండేళ్లకే నిండిపోయింది, ఇప్పుడు వీడియోలు ఏరి తీసేయడమే పని. మెమరీ కార్డు పెట్టే చోటు లేని ఫోన్ అయితే 256 తీసుకోండి, అందుకోసం కెమెరాలో ఒక మెట్టు దిగినా ఫర్వాలేదు.

నా ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో తొమ్మిది నెలల్లో ఆగిపోతాయి. బ్యాంకు పనులన్నీ ఇందులోనే చేస్తాను కాబట్టి అప్పుడు మార్చేస్తాను. మళ్లీ ఆండ్రాయిడే తీసుకుంటాను. ఈసారి విడుదలై నెల కూడా కాని మోడల్, ఆరేళ్లకి తగ్గని హామీ ఉన్నది చూసుకుంటాను.