‘నో అఫెన్స్’ అనాలా, ‘విత్ రెస్పెక్ట్’ అనాలా?

శ్రీకాకుళంలో డిగ్రీ చదివి హైదరాబాదో బెంగళూరో వెళ్లే మన పిల్లలకు ఇంగ్లీషు గ్రామర్ కన్నా మొహమాటమే పెద్ద అడ్డు. టీమ్ లీడరు చెప్పింది తప్పని తెలిసినా గొంతు పెగలదు. పెగిలిందా, రీల్స్‌లో విన్న ఏదో ఒక మాట ముందు తగిలించి టపీమని అనేస్తారు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే నన్ను ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: “సర్, నచ్చని మాట చెప్పేముందు ఏమని మొదలెట్టాలి?”

అందరి నోటా ముందు వచ్చేది ‘నో అఫెన్స్, బట్’, అంటే నొచ్చుకోకండి గానీ అని. నన్నడిగితే అన్నిట్లోకీ అధ్వానం ఇదే. అనాల్సింది అనేస్తూ, ఎదుటివాడు నొచ్చుకోవడానికి కూడా వీల్లేదంటుంది. దానికి ‘నన్ టేకన్’ (నేనేమీ నొచ్చుకోలేదు) అని జవాబివ్వడం ఇంగ్లీషువాళ్ల ఆనవాయితీ. ఏడవలేక నవ్వడమన్నమాట. ఒక కుర్రాడు మేనేజరుకు పంపబోయే మెయిల్ నాకు చూపించాడు: ‘నో అఫెన్స్ సర్, యువర్ ప్లాన్ విల్ నాట్ వర్క్’. సర్ అని పెట్టాను కదా అని వాడి ధీమా! అదంతా కొట్టించి, టెస్టింగ్‌కి రెండు రోజులే మిగిలాయి, చాలవేమో అన్న అర్థం వచ్చేలా రాయించాను. అందులో అనుకోవడానికి ఏముంది?

‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ (మీ మీద గౌరవంతోనే చెబుతున్నా) దీనికన్నా మర్యాదైనది, కానీ మెలిక ఉంది. బ్రిటిష్ లాయర్ల మీద ఒక జోకుంది. ‘విత్ రెస్పెక్ట్’ అంటే మీరు పొరబడ్డారని, ‘విత్ గ్రేట్ రెస్పెక్ట్’ అంటే బొత్తిగా పొరబడ్డారని, ‘విత్ ది గ్రేటెస్ట్ రెస్పెక్ట్’ అంటే ఇక చెప్పక్కర్లేదని. గౌరవం పెరిగేకొద్దీ మాట ఘాటెక్కుతుంది. పెద్దవాళ్లతో, మీటింగులో, ఒక్కసారి వాడితే పరవాలేదు. పై అధికారి కిందివాడితో అంటే మాత్రం వెటకారంగానే వినిపిస్తుంది.

‘టు బీ ఆనెస్ట్’ (నిజం చెప్పాలంటే) వల్ల పెద్ద హాని లేదు. వాక్యానికోసారి వాడితే “మరి ఇంతసేపూ చెప్పినవేటి?” అనిపిస్తుంది, అంతే.

ఉన్నదున్నట్టు చెబుతానని గొప్పగా ‘కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్’ అనేవాళ్లూ ఉన్నారు. దీని కథ తమాషా అయినది. గ్రీకులో ప్లూటార్క్ అనే పాతకాలపు రచయిత రాసింది తొట్టిని తొట్టి అనే మోటు మనుషుల గురించి. ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లోకి మార్చేటప్పుడు తొట్టి కాస్తా తవ్వే పనిముట్టయింది. 1542లో నికొలస్ యూడల్ అనే ఇంగ్లీషు రచయిత దాన్ని ‘స్పేడ్’ (పార) అని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అంటే పుట్టుకలోనే మోటుతనం ఉంది. పైగా అమెరికాలో గత శతాబ్దంలో ‘స్పేడ్’ నల్లజాతివారిని కించపరిచే మాట కూడా అయింది. అక్కడి క్లయింట్లతో మాట్లాడేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

‘డెవిల్స్ అడ్వకేట్’ (సైతాను తరఫు వకీలు) అలా కాదు, అదొకప్పుడు నిజంగానే ఉద్యోగం. ఎవరినైనా సెయింట్‌గా ప్రకటించేముందు వాళ్లకు వ్యతిరేకంగా వాదించడానికి కాథలిక్ చర్చి ఒక మనిషిని పెట్టేది. 1587లో పోప్ ఐదో సిక్స్‌టస్ ఆ పదవిని ఏర్పాటు చేస్తే, 1983లో రెండో జాన్ పాల్ దాని అధికారం బాగా తగ్గించేశారు. ఆ అడ్వకేట్ చెప్పేది సొంత అభిప్రాయం కాదు, డ్యూటీ. కాబట్టి ప్లాన్‌ని పరీక్షించడానికి ఎదురు వాదిస్తున్నప్పుడు వాడుకోవచ్చు. కడుపులో ఉన్న అక్కసుకి దాన్ని ముసుగేస్తే రెండో మీటింగుకే పట్టేస్తారు.

మరి మన ‘ఏటీ అనుకోకండి గానీ’ సంగతి? పెళ్లి భోజనాల దగ్గర “ఏటీ అనుకోకండి బావగారూ, పప్పులో ఉప్పు కాస్త ముందుకెళ్లినట్టుంది” అంటే, “అయ్యో, అనుకోడానికేటుంది” అని ఆయనే వంటవాడి దగ్గరికి పరిగెడతాడు. అది బతిమాలుకోవడం, అందుకే చెల్లుతుంది. అయితే అదే మాటతో మొదలెట్టి “పిల్ల కాస్త నలుపేమో వదినా” అనే పిన్నిగార్లూ మన ఊళ్లోనే ఉన్నారు. దాన్ని ఏ ముందుమాటా కాపాడలేదు.

ఇంగ్లీషులో నా ఓటు ‘కెన్ ఐ బీ ఫ్రాంక్?’ (ఉన్నమాట చెప్పొచ్చా?)కి. ఎందుకంటే అది ప్రశ్న. ఎదుటివాడు సరే అనొచ్చు, తర్వాత మాట్లాడదాం అనొచ్చు. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి, మనవాళ్లు తప్పేది అక్కడే. అడిగిన ఊపులోనే అనేస్తే ‘నో అఫెన్స్’కీ దీనికీ తేడా లేదు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలంటారు గానీ, ఆ నిష్ఠూరం పదిమంది ముందు ఎందుకు? ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

“వద్దంటే ఏం చెయ్యాలి సర్?” అని అడిగిందో అమ్మాయి. ఆ పూటకి ఊరుకుని, సాయంత్రం తేదీలూ లెక్కలూ వేసి మెయిల్ పెట్టమన్నాను. మెయిల్‌కి ఈ ముందుమాటల్లో ఏదీ అక్కర్లేదు, సబ్జెక్ట్ లైన్లో విషయం ఉంటే చాలు.