లేని బ్యాండుతో నాలుగేళ్లు: సైబర్‌పంక్‌లోని సమురాయ్

మా ఇంట్లో బ్యాండు అంటే పెళ్లి బరాత్ ముందు ఎర్ర కోట్లేసుకొని నడిచే మేళం. నల్లగొండలో మా నాయిన ముప్పై ఏళ్లు క్లారినెట్ వాయించాడు. నేను పదో తరగతిలో సైడ్ డ్రమ్ మెడకేసుకున్నాను, తర్వాత ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్‌కు మారాను. ఒక వీడియో గేమ్‌లో మాత్రమే ఉన్న రాక్ బ్యాండు గురించి నేను ఇంత పొడుగు సమీక్ష రాయడానికి కారణం ఇదే. నేను దాన్ని మేళం మనిషిగా చూశాను, మేళం మనిషిగానే రాస్తున్నాను.

ఆట పేరు సైబర్‌పంక్ 2077. బ్యాండు పేరు సమురాయ్. ఆట 2020 డిసెంబర్ 10న వచ్చింది, నేను మరుసటి ఏడాది చివర్లో తగ్గింపు ధరకు కొన్నాను. ఇప్పటికి 400 గంటలు దాటాయి. అందులో పెద్ద భాగం కొట్లాటలతో కాదు, కార్లో రేడియో పెట్టుకొని, ఆట జరిగే ఊరు నైట్ సిటీ అంతా తిరుగుతూ గడిచింది. సమురాయ్ పాట వస్తే మిషన్ పక్కన పెట్టి, పాట అయిపోయేదాకా ఊరవతలి రోడ్డు మీద నడుపుతూనే ఉంటాను.

ఆటల్లో బ్యాండ్లు నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల్లో క్లాక్ టవర్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు పది రూపాయలిచ్చి జీటీఏ వైస్ సిటీ ఆడేవాళ్లం. 2002 నాటి ఆ ఆటలో లవ్ ఫిస్ట్ అని ఒక స్కాట్లాండ్ బ్యాండు ఉండేది. వాళ్లకు కారు నడిపిపెట్టడం వరకే మన పని, నవ్వుకొని వదిలేశాం. సమురాయ్ అలా వదిలేసేది కాదు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఆట నడిచేది 2077లో. సమురాయ్ విడిపోయి అప్పటికే అరవై ఏళ్లకు పైమాటే. గాయకుడు జానీ సిల్వర్‌హ్యాండ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన సిపాయి, ఒక చెయ్యి పోగొట్టుకొని లోహపు చెయ్యి పెట్టించుకున్నవాడు. 2023లో అరసాకా అనే పెద్ద కంపెనీ టవర్ మీద దాడికి పోయి చనిపోయాడు. అతని మనసును ఒక చిప్‌లో దాచారు, ఆ చిప్ మనం ఆడే పాత్ర 'వీ' తలలోకి చేరింది. జానీ మనకు ఒక్కరికే కనిపిస్తాడు, తిడతాడు, అలుగుతాడు. మిగిలిన నలుగురు ఇంకా బతికే ఉన్నారు: గిటార్ కెర్రీ యూరోడైన్, కీబోర్డు నాన్సీ, డ్రమ్స్ వాయించే ఆమె డెన్నీ, బేస్ గిటార్ హెన్రీ. జానీ ఈ ఆటతో పుట్టినవాడు కాదు. మైక్ పాండ్‌స్మిత్ 1988లో తెచ్చిన, కాగితం మీద పాచికలతో ఆడే ఆట నుంచి వచ్చాడు. అందుకేనేమో, వీళ్ల పాత తగాదాలు మనం పుట్టకముందు నుంచీ సాగుతున్నట్టే అనిపిస్తాయి.

పాటల సంగతికి వస్తాను. జానీ మాటలు కీను రీవ్స్‌వి. పాడింది మాత్రం స్వీడన్‌లోని రెఫ్యూజ్డ్ అనే పంక్ బ్యాండు గాయకుడు డెనిస్ లిక్సెన్, వాయించింది ఆ బ్యాండే. మాట ఒకరిది, పాట ఒకరిది. సినిమాల్లో పుట్టినప్పటి నుంచీ ఇదే వింటున్న మనకు ఇది అసలు పట్టింపే కాదు. నాకు నచ్చింది ఆ వాయింపులోని గరుకు. గదిలో నలుగురు ఒకరినొకరు చూసుకుంటూ వాయించినట్టుంటుంది. డ్రమ్ము ఒక్కోసారి గిటార్‌ను తోసుకుంటూ పోతుంది. బరాత్‌లో పెళ్లికొడుకు దోస్తులు ఊగిపోతున్నప్పుడు మేం లయ కొంచెం పెంచేస్తాం, మాస్టర్ కన్నెర్ర చేసినా చెయ్యి ఆగదు. ఆ ఉరుకు ఈ పాటల్లో ఉంది.

బ్యాండు మన చెవిన పడే తీరు కూడా నాకు ఇష్టం. ఎవరూ కూర్చోబెట్టి పరిచయం చేయరు. 107.3 మోరో రాక్ రేడియోలో ఒక పాట వస్తుంది. గోడ మీద కోరల రాక్షసుడి ముఖం కనిపిస్తుంది, అదే బొమ్మ ఎవరిదో జాకెట్ వెనకాల ఉంటుంది. బజారులో ఒకడు పాత కచేరీ దొంగ రికార్డింగ్ అమ్ముతుంటాడు. చచ్చిపోయిన బ్యాండు ఊళ్లో ఎలా మిగిలి ఉంటుందో అలాగే మిగిలి ఉంది. 2023 డిసెంబర్ అప్‌డేట్‌లో మెట్రోతో పాటు, కాలినడకన పోతూ కూడా రేడియో వినే వీలు వచ్చింది. నా మట్టుకు నాలుగేళ్లలో వచ్చిన మార్పులన్నిట్లో పెద్దది అదే.

ఇక కచేరీ. కథలో ఈ భాగం ఇంకా ఆడనివాళ్లు ఇక్కడి నుంచి దాటి, నేరుగా కింద మెషీన్ సంగతికి పోండి.

కెర్రీని ఒప్పించి, నాన్సీని గూండాల క్లబ్బు నుంచి బయటకు తెచ్చి, డెన్నీ, హెన్రీలలో ఒకరిని ఎంచుకోవాలి. ఆ ఇద్దరికీ పడదు, ఒకే వేదిక ఎక్కరు. వాయించేది ఏ స్టేడియంలోనో కాదు, రెడ్ డర్ట్ అనే చిన్న బార్‌లో. వీ ఒక మాత్ర మింగి తన ఒంటిని జానీకి అప్పగిస్తుంది. ఈ ఆట దాదాపు మొత్తం మన పాత్ర కళ్లతో చూసేదే, కచేరీలో కూడా కెమెరా బయటకు పోదు. మన చేతులు గిటార్ మీద కనిపిస్తాయి. పక్కకు చూస్తే కెర్రీ. ముందు జనం, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా. నాకు అక్కడ ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మేళంలో ఉన్నవాడికి తన మేళం ఎప్పుడూ నిండుగా కనబడదు. పక్కవాడి భుజం, ఎదురుగా దుమ్ములో ఎగిరే కాళ్లు, తన చేతులు, అంతే. చిన్నప్పుడు మా ముందు ఆడవాళ్లు తలల మీద పెట్రోమాక్స్ లైట్లు మోసుకుంటూ నడిచేవాళ్లు. ఆ వెలుగుకు కళ్లు చెదిరి నాకు నాయిన వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు, ఆ వీపు కదలికను బట్టే ఎప్పుడు దెబ్బ వేయాలో తెలిసేది. వేదిక మీదున్నవాడి చూపును ఇంత నిజంగా పట్టుకున్నది ఇంకే ఆటలోనూ నేను చూడలేదు.

మొదటిసారి ఆ కచేరీ నడుస్తుండగా కరెంటు పోయింది. ఎండాకాలం, ఇన్వర్టర్ కంప్యూటర్‌ను మోయలేదు. మళ్లీ వచ్చాక పాత సేవ్ (అంతకుముందు ఆట దాచుకున్న చోటు) నుంచి మొదలుపెట్టాను. అప్పుడే నాయిన చాయ్ గ్లాసుతో గదిలోకి వచ్చాడు. "ఏందిరా గిది, గట్ల మొత్తుకుంటున్నడు?" అన్నాడు. అన్నాడే గాని పోలేదు. గడపలో నిలబడి చివరిదాకా చూశాడు. ఎడమచేతి వేళ్లు తలుపు చెక్క మీద క్లారినెట్ మీటలు నొక్కినట్టు కదులుతున్నాయి. ఊపిరి అందక వాయించడం మానేసి అప్పటికి మూడేళ్లు. అయిపోయాక, "డ్రమ్ము చెయ్యి మంచిగుంది" అన్నాడు. నేను కథ చెప్పాను. మొత్తం విని ఒకటే అడిగాడు.

"పైసల కాడ ఇడిపోయిండ్రా, పేరు కాడనా?"

"పేరు కాడ, నాయినా."

"గందుకే కలిసిండ్రు."

నాయినకు ఇరవై ఏళ్లు పెద్ద డ్రమ్ కొట్టిన కాక ఒకాయన ఉన్నాడు. ఒక పెళ్లి బయానా పంచుకునే దగ్గర మాటా మాటా వచ్చి ఇద్దరూ విడిపోయారు. ఆ తర్వాత డీజేలు వచ్చాయి, పిలుపులు తగ్గాయి, మళ్లీ కలిసి వాయించే సందర్భమే రాలేదు. మా చెల్లె పెళ్లికి కాకను నేనే పోయి పిలిచాను. వచ్చాడు. అన్నం తిన్నాడు. బరాత్ కదిలేటప్పుడు మేళం పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నేను డ్రమ్ కర్ర చేతికిస్తే పక్కనున్న పిల్లగాడికిచ్చి బస్సెక్కాడు. ఈ ఆట మీద నాకున్న పెద్ద అభ్యంతరం అక్కడే ఉంది. అరవై ఏళ్ల పగలున్న మనుషులు నాలుగు ఫోన్లతో, రెండు రాత్రుల్లో కలిసిపోతారు. డెన్నీ, హెన్రీ ఎందుకు విడిపోయారన్నది పైపైనే తేల్చేశారు. ఎవరిని ఎంచుకున్నా కథలో పెద్ద తేడా రాదు. వదిలేసిన మనిషి ఆ రాత్రి ఏం చేశాడో ఎవరూ అడగరు. బ్యాండులో పిలుపు రాని మనిషిదే అసలు కథ, దాన్నే వదిలేశారు.

కెర్రీ విషయంలో మాత్రం రచయితలకు దండం పెట్టాలి. సమురాయ్ తర్వాత ఒంటరిగా పాడి పెద్ద స్టార్ అయ్యాడు, గుట్ట మీద బంగళా ఉంది, మాట్లాడే తోడు లేదు. తన పాటను అస్ క్రాక్స్ అనే ముగ్గురమ్మాయిల బృందం తిరిగి పాడబోతోందని తెలిసి మండిపడతాడు, వాళ్ల బండి మీదికే పోతాడు. తర్వాత ఆ అమ్మాయిలు తనను ఎంత అభిమానిస్తారో తెలిసి చల్లబడతాడు. నాయిన కట్టిన ఒక బరాత్ వరసను ఒకసారి ఎవరిదో డీజే బండి మీద విన్నాం, కీబోర్డులో చేసింది. నాకు కోపం వచ్చింది. నాయిన మాత్రం రోడ్డు పక్కన ఆగి అయిపోయేదాకా విని, "రెండో చరణం తప్పు కొట్టిండు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. కెర్రీ కథ ఆడినప్పుడల్లా ఆ ముఖమే గుర్తొస్తుంది.

జానీ శవాన్ని పారేసిన చోటు గురించి కూడా రెండు మాటలు. ఊరి బయట పాత నూనె బావుల దగ్గర చెత్త మధ్య అతనికి సమాధి లేదు, గుర్తు లేదు. ఒక తుక్కు రేకు మీద వీ అక్షరాలు గీకుతుంది. అక్కడ తొందరపడి బటన్లు నొక్కకండి, మాటలన్నీ నిదానంగా చదవండి.

ఇంకా లోటుపాట్లున్నాయి. కచేరీ ఒక్కటే. అయిపోయాక ఆ బార్‌లో మళ్లీ ఎప్పుడు పోయినా సమురాయ్ వాయించదు. నాన్సీ, డెన్నీ దాదాపు కనుమరుగవుతారు. గిటార్ చేతికిచ్చారు గాని తీగ మీటే పని మనకివ్వలేదు. చూస్తూ నిలబడడమే. పాటలు తక్కువ, రేడియోలో తిరిగి తిరిగి అవే వస్తాయి. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన అదనపు కథ ఫాంటమ్ లిబర్టీలో జానీ ఉన్నాడు, బ్యాండు కథ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, హిందీవీ లేవు. నా ఇంగ్లిష్ అంతంతమాత్రమే కాబట్టి మొదట్లో ప్రతి సీనూ ఆపి ఆపి చదువుకున్నాను. సబ్‌టైటిల్ అక్షరాల సైజు పెంచుకోండి, కష్టం సగం తగ్గుతుంది. పాటల మాటలు నోట్‌బుక్‌లో రాసుకున్నాకే నాకు పూర్తిగా అర్థమయ్యాయి.

మెషీన్ సంగతి: 2.0 అప్‌డేట్ తర్వాత ఎస్ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసేది) తప్పనిసరి, 70 జీబీ ఖాళీ కావాలి. నాది సెకండ్ హ్యాండ్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్. జనం ఎక్కువున్న వీధుల్లో కొంచెం తడబడుతుంది, కచేరీలో తడబడలేదు. కంప్యూటర్‌తో వచ్చిన చిన్న స్పీకర్లలో ఈ పాటలు వినొద్దు, బేస్ మొత్తం పోతుంది. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ఆట పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే, పిల్లలున్న గదిలో పెట్టకండి.

రెడ్ డర్ట్‌కు పోయే ముందు ఒక సేవ్ విడిగా ఉంచుకోండి. నా దగ్గర ఉంది. పెళ్లిళ్ల సీజన్ అయిపోయి డ్రమ్ములకు బట్ట కప్పిన రోజు దాన్ని తెరుస్తాను. నేను డ్రమ్ మనిషిని కాబట్టి ప్రతిసారీ డెన్నీనే పిలిచాను. పోయిన నెల మళ్లీ అక్కడిదాకా వచ్చి ఆగినప్పుడు నాయిన వెనక మంచం మీద ఉన్నాడు. పేర్లు రెండూ తెర మీద ఉన్నాయి.

"ఎప్పుడూ గామెనే పిలుస్తవు" అన్నాడు. "గాయనను పిలువరాదురా ఈసారి."

హెన్రీని పిలిచాను. నాయిన లేచి, కుర్చీ జరుపుకొని నా పక్కన కూర్చున్నాడు.