గూండాస్ అడిగే ఎమ్మెల్యేనా, జవాబు అడిగే ఎమ్మెల్యేనా: ఏది మేలు?

చెన్నైలో ఓట్లకోసం వీధికొచ్చే నాయకులు శాంతిభద్రతల గురించి రెండు రకాల మాటలు చెబుతారు. ఒకాయన "రౌడీలందరి మీదా గూండాస్ చట్టం పెట్టిస్తా, ఒక్కడూ బయట తిరగడు" అంటాడు. ఇంకొకాయన "స్టేషన్లో ఎవరి ఒంటి మీదా చెయ్యి పడనివ్వను, పోలీసులు జవాబు చెప్పి తీరాలి" అంటాడు. మొదటి మాటకు చప్పట్లు ఎక్కువ. రెండో మాట చెప్పేవాళ్లే తక్కువ. వ్యాసర్‌పాడిలోనో, తిరువొత్తియూరులోనో, పల్లావరంలోనో ఉండే తెలుగు కుటుంబానికి ఈ రెండూ రోజూ తగిలే విషయాలే. వీధిలో రౌడీ ఉంటాడు, వీధి చివర స్టేషనూ ఉంటుంది. నా మొగ్గు రెండో ఆయన వైపని ముందే చెప్పేస్తున్నాను. కానీ మొదటాయన్ని నమ్మేవాళ్ల భయం నిజమైనది. దానికి బదులు చెప్పలేకపోతే నా మొగ్గుకు విలువ లేదు.

గూండాస్ అని మనం పిలిచేది తమిళనాడు 1982లో తెచ్చుకున్న 14వ నంబరు చట్టం. ఎంజీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వచ్చింది. సారా కాచేవాళ్లు, మత్తుమందులు అమ్మేవాళ్లు, గూండాలు, పేదల జాగాలు ఆక్రమించేవాళ్లు లాంటివారి కోసమని మొదలై, 2004లో వీడియో పైరసీ చేసేవాళ్లను కలుపుకుంది. తర్వాత సైబర్ నేరాలు, లైంగిక నేరాలు, ఇసుక దొంగతనం కూడా అందులో చేరాయి. నగరంలో కమిషనర్, జిల్లాల్లో కలెక్టర్ సంతకం పెడితే చాలు, మనిషిని పన్నెండు నెలల దాకా లోపల ఉంచొచ్చు.

మామూలు అరెస్టుకూ దీనికీ తేడా చాలామందికి తెలియదు. మామూలు కేసులో 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నేరాన్నిబట్టి 60 రోజుల్లోనో 90 రోజుల్లోనో చార్జిషీటు వెయ్యకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. శిక్ష పడాలంటే సాక్ష్యం కావాలి. గూండాస్‌లో ఇవేవీ లేవు. చేసిన నేరం రుజువు చెయ్యనక్కర్లేదు, ఇకముందు చేస్తాడన్న అనుమానం చాలు. ఉత్తర్వును పరిశీలించే సలహా మండలి ఒకటుంటుంది కానీ, అక్కడ వకీలును పెట్టుకునే హక్కు లేదు. రాజ్యాంగం 22వ అధికరణమే ఒక చేత్తో అరెస్టయినవాడికి రక్షణ ఇచ్చి, ఇంకో చేత్తో ముందస్తు నిర్బంధానికి దారి వదిలింది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఒకటే అర్థమవుతుంది: పుళల్ జైలుకు మను (కలవడానికి దరఖాస్తు) వేసుకుని నెలల తరబడి తిరగాలి.

ఈ దారి తొక్కిన మొదటి పెద్ద కేసులో ఉన్నది మద్రాసు పేరే. 1950లో కమ్యూనిస్టు నాయకుడు ఏ.కే. గోపాలన్ తన నిర్బంధాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఎదుటి పక్షం మద్రాసు రాష్ట్రం. మెజారిటీ జడ్జీలు ముందస్తు నిర్బంధ చట్టాన్ని నిలబెట్టారు, జస్టిస్ ఫజల్ అలీ ఒప్పుకోలేదు. మనిషిని లోపల వేసే పద్ధతి న్యాయంగా ఉండాలన్న ఆయన ఆలోచనే సరైనదన్న దారికి కోర్టు రావడానికి 1978 దాకా, మేనకా గాంధీ కేసుదాకా ఆగాల్సొచ్చింది. గోపాలన్ మాత్రం 1952లో లోక్‌సభకు ఎన్నికై వెళ్లారు.

ఇంకో ఉదాహరణ మరీ దగ్గరిది. 1976 జనవరి 31న కరుణానిధి ప్రభుత్వం రద్దయ్యాక డీఎంకే నాయకులను ఎమర్జెన్సీలో వాడిన ముందస్తు నిర్బంధ చట్టం మీసా కింద మద్రాసు సెంట్రల్ జైల్లో వేశారు. స్టాలిన్ అక్కడే దెబ్బలు తిన్నారు. నగరానికి మేయరుగా, తర్వాత ఎంపీగా ఉన్న చిట్టిబాబు ఆ జైల్లో తిన్న దెబ్బల తర్వాత ప్రాణమే పోగొట్టుకున్నారు. జస్టిస్ ఇస్మాయిల్ కమిషన్ దాని మీద విచారణ జరిపింది. విచారణ లేని నిర్బంధం ఎలా ఉంటుందో ఒంటి మీద అనుభవించిన పార్టీ అది. అధికారంలోకి ఎన్నోసార్లు వచ్చింది. గూండాస్ చట్టాన్ని మాత్రం రద్దు చెయ్యలేదు, వాడుకుంది. అన్నాడీఎంకే కూడా అంతే. అందుకే నాయకుడు ఏ పార్టీ అన్నది నాకు ఇక్కడ కొలత కాదు.

2024లో యూట్యూబర్ సవుక్కు శంకర్ సంగతి చూడండి. ఆయన మాటతీరు నచ్చనివాళ్లలో నేనూ ఒకణ్ని. మే నెలలో ఆయన మీద గూండాస్ పెట్టారు. ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కొద్ది రోజులకే మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వచ్చాక ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. రౌడీల కోసమని రాసిన చట్టం నోరున్నవాడి మీదికి తిరగడానికి కొత్త సవరణ ఏమీ అక్కర్లేకపోయింది. ఆయనకు పేరుంది, పెద్ద వకీళ్లున్నారు. పేరు లేనివాడి హేబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధం చెల్లదని హైకోర్టులో వేసేది) విచారణకు వచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. ఉత్తర్వు చెల్లదని చివరికి కోర్టు చెప్పినా, ఆ నెలలు ఎవరూ తిరిగివ్వరు.

తెలంగాణలో బంధువులున్న చెన్నై తెలుగువాళ్లకు పీడీ యాక్ట్, అంటే అక్కడి ముందస్తు నిర్బంధ చట్టం, తెలుసు. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో వచ్చిన చట్టం. 2023లో అమీనా బేగం కేసులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులు ముందస్తు నిర్బంధాన్ని వాడుతున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. మామూలు క్రిమినల్ చట్టంతో అయ్యే పనికి దీన్ని వాడొద్దంది. ఈ జబ్బు ఒక్క రాష్ట్రానిది కాదన్నమాట.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఒకటుంది. నిర్బంధానికి కారణాలు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 1962లోనే, హరికిషన్ కేసులో తేల్చింది. ఇక్కడ పుట్టి పెరిగిన మనవాళ్లలో తమిళం ధారాళంగా మాట్లాడుతూ, చదవడం మాత్రం రానివాళ్లు ఎంతోమంది. వాళ్ల చేతిలో వందల పేజీల కాగితాలు పెట్టి "నీ అభ్యంతరం రాసుకో" అంటే, ఆ హక్కు ఉన్నా లేనట్టే. ఈ మాట అసెంబ్లీలో లేపిన ఎమ్మెల్యేకి నేను పార్టీ చూడకుండా ఓటేస్తాను.

ఇప్పుడు రెండో గొంతు వినాలి. ఉత్తర చెన్నైలో టిఫిన్ కొట్టు నడిపే ఒకావిడ నాతో అన్న మాట ఇది: "నువ్వు చెప్పేదంతా పుస్తకాల మాట తమ్ముడూ. గూండాస్ కింద మా వీధి రౌడీ లోపలున్నన్నాళ్లూ నేను మామూలు కట్టలేదు, రాత్రి పదిదాకా కొట్టు తెరిచాను. వాడు బయటికొచ్చిన రోజే మా ఆయన షట్టర్ దించమన్నాడు." "కేసు పెట్టలేదా అక్కా?" అంటే, "సాక్ష్యం ఎవరు చెబుతారు? చెప్పినవాడికి కాపలా ఎవరు?" అంది. ఆవిడ్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. గూండాస్ అడిగే ఎమ్మెల్యేకి బలం ఇచ్చేది ఇలాంటివాళ్ల భయమే. రౌడీ దెబ్బ మొదట తగిలేది పేదల వీధిలోనే. హక్కుల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతి దాటేస్తే జనం వాళ్లను నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే.

కానీ ఆవిడ మాటలోనే ఇంకో సంగతి ఉంది: వాడు బయటికొచ్చాడు. గూండాస్ ఇచ్చేది గడువు మాత్రమే. అసలు కేసు సాక్షి లేక వీగిపోయింది, మామూలు మళ్లీ మొదలైంది.

ఇక జవాబు అడిగే ఎమ్మెల్యే సంగతి. 2020 జూన్‌లో తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ కొట్టు తెరిచారన్న పేరుతో తండ్రీకొడుకులను స్టేషన్‌కు తీసుకెళ్లారు. రోజుల తేడాతో ఇద్దరూ చనిపోయారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు తన నివేదికలో ఒక మాట రాశారు: స్టేషన్ కెమెరాల హార్డ్‌డిస్క్‌లో కావలసినంత జాగా ఉన్నా, రికార్డింగు రోజూ దానంతటదే చెరిగిపోయేలా పెట్టి ఉంది. కెమెరా ఉంది, బొమ్మ లేదు. చివరికి నోరు విప్పింది అదే స్టేషన్లోని ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్.

ఆ ఏడాది డిసెంబరులోనే సుప్రీంకోర్టు పరమ్‌వీర్ సింగ్ కేసులో దేశంలో ప్రతి స్టేషన్లోనూ రాత్రిపూట కూడా కనిపించే, మాట వినిపించే కెమెరాలు పెట్టి, రికార్డింగును 18 నెలలు దాచాలని చెప్పింది. "కెమెరాలు పెట్టిస్తా" అనే ఎమ్మెల్యేలు చాలామందే ఉన్నారు, అది సులువైన హామీ. రికార్డింగు ఎవరి చేతిలో ఉంటుంది, దెబ్బతిన్నవాడు అడిగితే ఎన్నాళ్లలో ఇస్తారు అని అడిగేవాళ్లు కావాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఫిర్యాదు సంస్థ. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి స్వతంత్ర సంస్థ ఉండాలని, రాష్ట్ర స్థాయిలో దానికి రిటైర్డ్ జడ్జి అధ్యక్షత వహించాలని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేరళ, కర్ణాటక చట్టాల్లో ఆ పీఠం రిటైర్డ్ హైకోర్టు జడ్జిదే. తమిళనాడు 2013లో చేసుకున్న పోలీసు సంస్కరణల చట్టంలో మాత్రం అధ్యక్షుడు హోం కార్యదర్శి, సభ్యుల్లో డీజీపీ. జిల్లాలో కలెక్టర్, ఎస్పీ. ఎవరి శాఖ మీద ఫిర్యాదో వాళ్ల ముందే నిలబడి చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు కోరింది ఇది కాదని ఆ రెండింటినీ పక్కన పెట్టి చదివిన ఎవరికైనా తెలుస్తుంది. దీన్ని మార్చడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. అసెంబ్లీలో ఒక సవరణ చాలు. అందుకే ఎమ్మెల్యేను కొలవడానికి నాకు ఇంతకన్నా మంచి ప్రశ్న కనిపించదు: ఈ సవరణ అడుగుతారా, అడగరా?

ఒక్క ఎమ్మెల్యే ఏం చెయ్యగలడని అంటారు. చెయ్యగలడు. ఏటా పోలీసు శాఖ గ్రాంటు మీద చర్చ జరుగుతుంది, శాఖ పనుల వివరాలుండే పాలసీ నోట్ సభ ముందుకు వస్తుంది. ఈ రాష్ట్రంలో పోలీసు శాఖ సాధారణంగా ముఖ్యమంత్రి దగ్గరే ఉంటుంది కాబట్టి, ప్రశ్న నేరుగా ఆయనకే వెళ్తుంది. ఎన్ని గూండాస్ ఉత్తర్వులు ఇచ్చారు, అందులో హైకోర్టు ఎన్ని కొట్టేసింది, తప్పు ఉత్తర్వు రాసిన అధికారిని ఏం చేశారు: ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా రాబట్టొచ్చు. మానవ హక్కుల కమిషన్ వార్షిక నివేదికను, దానిమీద తీసుకున్న చర్యల వివరాలతో సభ ముందు పెట్టాలని 1993 నాటి చట్టమే చెబుతోంది. అది ఆలస్యమైతే ఎందుకని నిలదియ్యొచ్చు. దేశంలో అందరికన్నా ముందు, 1997లోనే సమాచార హక్కు చట్టం చేసుకున్న రాష్ట్రం ఇది. అడిగే అలవాటు ఇక్కడ కొత్త కాదు.

సభలూ నిరసనల విషయంలోనూ ఇదే పరీక్ష. 1888 నాటి నగర పోలీసు చట్టం 41వ సెక్షన్ కింద చెన్నైలో గుమిగూడటాన్ని కమిషనర్ నిషేధించొచ్చు. 2025 ఆగస్టులో చెన్నై కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ భవనం ముందు నిరసనగా కూర్చున్న పారిశుద్ధ్య కార్మికులను, అక్కడి నుంచి పంపించాలన్న హైకోర్టు ఉత్తర్వు చూపి 13వ తేదీ రాత్రి పోలీసులు లేపేశారు. ఈ నగరాన్ని ఊడ్చే పనిలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఆ రాత్రి ఎవరి ఎమ్మెల్యే ఎక్కడున్నాడో వాళ్లు మర్చిపోకూడదు.

జవాబు అడిగే ఎమ్మెల్యేలందరినీ నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు లాకప్ మరణం మీద సభ దద్దరిల్లేలా మాట్లాడి, అధికారపక్షంలోకి వచ్చాక ఆ మాటే ఎత్తనివాళ్లు ఉన్నారు. వాళ్లకన్నా గూండాస్ కావాలని ఎప్పుడూ ఒకే మాట మీద ఉండే నాయకుడు కనీసం ఏం చేస్తాడో తెలిసినవాడు. కాబట్టి ప్రసంగాన్ని కాదు, సొంత ప్రభుత్వాన్ని అడిగిన ప్రశ్నను చూడాలి. అలాంటి ప్రశ్న ఒక్కటైనా వేసినవాడు దొరికితే ఎన్నుకోవడం తేలిక.

టిఫిన్ కొట్టు ఆవిడకు జవాబు ఇంకా బాకీ ఉంది. ఆవిడకు కావలసినది సాక్షికి కాపలా. సుప్రీంకోర్టు 2018లో సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, దేశమంతా చట్టంలా పాటించాలంది. దాని ప్రకారం జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముప్పును బట్టి ఇంటి దగ్గర గస్తీ వేస్తారు, పేరు దాస్తారు, అవసరమైతే ఇల్లు మారుస్తారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రం తన పథకాన్ని ప్రకటించాలంటోంది. పోలీసులను జవాబు అడుగుతానన్న నాయకుడు దీన్ని కూడా కలిపి అడగాలి: ఈ నియోజకవర్గంలో ఎంతమంది సాక్షులకు రక్షణ ఇచ్చారు, దానికి ఎంత డబ్బు కేటాయించారు? ఈ ప్రశ్న వెయ్యని హక్కుల నాయకుడికి ఆవిడ ఓటు పడదు. పడాలని నేను అడగను కూడా.