జాగ్రత్త: పిల్లల గ్రూప్ హార్స్ రైడింగ్ క్లాసులకు ముందే మొత్తం ఫీజు కట్టకండి

భీమవరం, పాలకొల్లు, నరసాపురం, తణుకు వైపు పిల్లల్ని హార్స్ రైడింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్న తల్లిదండ్రులందరికీ ఈ పోస్టు. వేసవి సెలవులు కదా, ఇలాంటి ప్రకటనలు మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. డబ్బు పంపే ముందు ఇది పూర్తిగా చదవండి. మా అమ్మాయి మణికట్టు ఎముక చిట్లి సిమెంటు కట్టుతో ఉంది. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే రాస్తున్నాను.

బ్యాచ్‌కు ఐదుగురే, అనుభవమున్న కోచ్, హెల్మెట్ మేమే ఇస్తాం, సెలవులు అయ్యేలోపు పిల్లలు సొంతంగా స్వారీ చేస్తారు. ప్రకటనలో రాసింది ఇదీ. ఫీజంతా ఒకేసారి కట్టించుకున్నారు. రసీదు అడిగితే ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చాలన్నారు. తీరా చూస్తే కొబ్బరితోట పక్కన చదును చేసిన జాగాలో పన్నెండు మంది పిల్లలు, మూడు గుర్రాలు. లెక్క వేసుకోండి, గంట క్లాసులో ఒక్కొక్కరికి గుర్రం మీద దక్కేది పావుగంట. మిగతా సేపంతా ఎండలో నిలబడి ఉండాలి, అదీ గుర్రాల వెనకాలే. సరిగ్గా తోక వెనక ఉన్నది గుర్రానికి కనిపించదు. అక్కడ ఏదైనా అలికిడి అయితే బెదిరి కాలు విసురుతుంది. పిల్లల్ని అక్కడ నిలబెట్టకూడదన్న సంగతి కోచ్‌కే పట్టలేదు.

ఆ గుర్రాలే ముహూర్తాలున్న రాత్రుల్లో పెళ్లి ఊరేగింపులకు వెళ్తాయని అక్కడ పనిచేసే కుర్రాడే చెప్పాడు. రాత్రంతా బ్యాండు, బాణసంచా, లైట్ల మధ్య తిరిగి, పొద్దున్నే పిల్లల్ని మోయాలి. ఒకదానికి జీను కింద వీపు ఒరుసుకుపోయి పుండు పడింది. ఆ మూగజీవాన్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది. నొప్పితో, అలసటతో ఉన్న గుర్రం ఎప్పుడు తడబడుతుందో, ఎప్పుడు చిరాకుపడుతుందో ఎవరూ చెప్పలేరు. గుర్రాన్ని బాగా చూసుకోని చోట పిల్లలకూ భద్రత ఉండదని నా గట్టి అభిప్రాయం.

ఇక ప్రమాదం సంగతి. జీను కట్టేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట బిగబట్టి ఉబ్బిస్తాయి. అందుకే నాలుగడుగులు నడిపించాక పొట్ట కింది పట్టీని మళ్లీ బిగించాలి, పిల్లను ఎక్కించే ముందు ఇంకోసారి చూడాలి. అక్కడ ఒకరు దిగి ఇంకొకరు ఎక్కుతున్నా ఆ పట్టీని ముట్టుకున్నవాళ్లు లేరు. మా అమ్మాయి ఎక్కిన గుర్రం మలుపులో కాస్త వేగం అందుకోగానే జీను ఒక పక్కకి తిరిగిపోయింది. పాప దానితో పాటే కింద పడింది. గుర్రాన్ని నడిపిస్తున్న కుర్రాడికి ఒక చేతిలో పగ్గం, ఇంకో చేతిలో ఫోను. కోచ్ గేటు దగ్గర కొత్తగా చేరడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నాడు.

కాలు రికాబులో (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియంలో) ఇరుక్కోలేదు, అంతవరకు దేవుడి దయ. స్వారీలో అన్నిటికన్నా భయపడాల్సింది దానికే. పాదం రికాబు దాటి లోపలికి జారితే, పడ్డ పిల్లను గుర్రం ఈడ్చుకుపోతుంది. మడమ ఉన్న బూటు వేసుకోవాలనేది ఇందుకే, ఆ మడమే పాదాన్ని ఆపుతుంది. అక్కడ సగం మంది పిల్లలు చెప్పులతో ఎక్కుతున్నారు, వద్దన్న మనిషి లేడు. పెద్దవాళ్ల రికాబుల్లో చిన్న పాదాలు ఎంత తేలిగ్గా దూరిపోతాయో ఆలోచించండి.

హెల్మెట్లు ఇచ్చారు, నిజమే. కానీ అవి బైక్ హెల్మెట్లు. లోపలి స్టిక్కర్ మీద ఐఎస్ 4151 అని ఉంటే అది మన దేశంలో టూవీలర్ హెల్మెట్ ప్రమాణం. గుర్రపు స్వారీ హెల్మెట్ వేరు, దాని మీద ఏఎస్‌టీఎం ఎఫ్1163 లేదా పాస్ 015 లాంటి గుర్తు ఉంటుంది. ఒకే హెల్మెట్ పిల్లలందరికీ మారుస్తుంటే ఎవరి తలకీ సరిగ్గా కూర్చోదు, కొందరికి గడ్డం కింది పట్టీ వేలాడుతూనే ఉంది. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా పక్కన పడేయాలి. మా అమ్మాయి పడినప్పుడు పెట్టుకున్నదాన్నే కాసేపటికి ఇంకో బాబుకి పెట్టారు.

మన డెల్టా నేల గురించి కూడా ఒక మాట. ఇది ఒండ్రు మట్టి. ఎండాకాలం బండలా గట్టిపడుతుంది, తొలకరి పడితే సబ్బులా జారుతుంది. క్లాసులు నడిపే జాగాలో ఇసుక మందంగా పరచి ఉండాలి, నీళ్లు పోయే దారి ఉండాలి. ఎప్పుడూ తడి బురదలో నిలబడే గుర్రానికి గిట్టలు కుళ్లుతాయి, అప్పుడది కుంటుతుంది. ఒక గిట్ట ఎత్తి చూపించమని అడగండి. శుభ్రంగా ఉందో, దుర్వాసన వస్తోందో మీకే తెలుస్తుంది.

పిల్లల టీకాల కార్డు కూడా ఒకసారి తీసి చూడండి. గుర్రపు లద్ది పడిన మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి, చిన్న గాయం చాలు. 5-6 ఏళ్లప్పటి డీపీటీ బూస్టర్, 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీ టీకా పడ్డాయో లేదో చూసుకోండి. గుర్రాల నుంచి మనుషులకు సోకే గ్లాండర్స్ అనే జబ్బు కూడా ఉంది. దానికి రక్తపరీక్ష చేయించారా అని నిర్వాహకుల్ని అడిగే హక్కు మనకుంది. మేము అడిగితే నవ్వి ఊరుకున్నారు.

డబ్బు వెనక్కి అడిగితే, చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం చూపించారు. ‘ఏం జరిగినా మాకు సంబంధం లేదు, ఫీజు తిరిగి ఇవ్వం’ అని ఉంది దాంట్లో. అలాంటి కాగితం ఉన్నంత మాత్రాన నోరు మూసుకోనక్కర్లేదండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం ఉంటే ఫిర్యాదు చేయొచ్చు. మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ముందుగా 1915కి ఫోన్ చేసి హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించాం. ఆసుపత్రి బిల్లులు, ఎక్స్‌రే, చెల్లింపుల వివరాలు, ఆ ప్రకటన అన్నీ ఒక ఫైల్లో పెట్టాం.

పిల్లలకు గుర్రపు స్వారీ వద్దని నేను అనను. మా అమ్మాయికి ఇప్పటికీ గుర్రాలంటే ప్రాణం. మీరు చేర్పించేటట్టయితే, డబ్బు కట్టకముందు ఒక క్లాసు మొదటి నుంచి చివరి దాకా అక్కడే నిలబడి చూడండి. ‘చూడనివ్వం’ అని వాళ్లంటే అక్కడితో వచ్చేయండి. కొత్త పిల్లలున్న ప్రతి గుర్రం పక్కనా పట్టుకుని నడిచే మనిషి ఒకరు ఉండాలి, వాళ్లు కాక మధ్యలో కోచ్ ఉండాలి. గుర్రానికీ గుర్రానికీ కనీసం ఒక గుర్రం పొడవంత ఎడం ఉంచుతున్నారేమో చూడండి. కోచ్ ఎక్కడ నేర్చుకున్నాడో, పిల్లలకు ప్రమాద బీమా ఉందో కాగితం మీద చూపించమనండి. ఫీజు ఏ క్లాసుకి ఆ క్లాసు, మహా అయితే వారానికి కట్టండి.

చోటు పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఇది చదివాక మీరు కట్టిన చోటు కూడా అలాంటిదే అనిపిస్తే, ఈరోజే ఆ ప్రకటనకి, వాళ్లతో జరిగిన చాటింగ్‌కి స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. మేము ఫిర్యాదు చేసిన తర్వాత వాళ్ల ప్రకటనలో ‘బ్యాచ్‌కు ఐదుగురే’ అన్న మాట తీసేశారు.