ఎంజీబీకి జంట ఎస్‌యూలా, ఒక్క వెబరా?

1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీది 1798 సీసీ ఇంజను. గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకు ఇచ్చేది కార్బురేటర్; కంపెనీ ఇచ్చింది ఎస్‌యూ రకం కార్బురేటర్లు జంటగా. వాటిని తీసేసి ఒక్క వెబర్ 45 డీసీఓఈ కార్బురేటర్ పెట్టుకునేటోళ్లు చాలామంది. పాలమూరులో కారు నడిపేటోళ్లకు నా మాట: తొందరపడొద్దు.

ఎస్‌యూలో గాలిని బట్టి కార్బురేటర్ లోపలి పిస్టన్ తనంతట తనే లేస్తది, దాని సూది జెట్టులో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రంలో) పైకీ కిందికీ ఆడుకుంట పెట్రోలు కొలిచిస్తది. ఎస్‌యూలను ట్యూన్ చెయ్యాలంటే ముందు ఇంజను బాగా వేడెక్కాలె. రబ్బరు పైపు ఒక కొన చెవికి, ఇంకో కొన కార్బురేటర్ మూతికి పెట్టి, రెండింటి బుస ఒక్కతీరు వచ్చేదాక గాలి ఎంత పోవాల్నో సర్దే థ్రాటిల్ స్క్రూలు తిప్పాలె. ఆ పని చేస్తుంటే నాకు టైమే తెల్వదు. తర్వాత పిస్టన్‌ను మిల్లీమీటరు లోపే లేపాలె. ఇంజను వేగం పెరిగి అట్లనే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఆగబోతే తక్కువ, రవ్వంత పెరిగి సర్దుకుంటే సరిగ్గున్నట్టు.

వెబర్‌కు యాక్సిలరేటర్ పంపు ఉంటది, కాలు వెయ్యంగనే ఊపు వస్తది. కానీ గాలి, పెట్రోలు కొలిచే చిన్న భాగాలు, అంటే మెయిన్ జెట్టు, ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబు, ఐడిల్ జెట్టు, అన్నీ సైజులవారీగా తెప్పించుకొని మార్చి చూడాలె.

20 శాతం ఇథనాల్ పెట్రోలుతో మిశ్రమం పలచబడుతది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు. వెబర్‌కైతే కొత్త జెట్లు వెతకాలె. ఎస్‌యూకైతే జెట్టు కింది ఆరు పలకల నట్టును ఒకటి రెండు పలకలు కిందికి తిప్పి మళ్ల పిస్టన్ లేపి చూస్తే చాలు. జడ్చర్ల దాక పోయొచ్చే కారుకు నేను ఎస్‌యూలే ఉంచుత. డాష్‌పాట్‌లో (పిస్టన్ మీది నూనె గొట్టంలో) నూనె మాత్రం తగ్గనియ్యొద్దు, తగ్గితే పికప్‌లో తడబడుతది.