మూడేళ్లుగా మా కారులో ఉన్న ఆరొందల మల్టీమీటర్

వోల్టులు కొలిచే ఈ మీటర్ కొనడానికి ముందు ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాను. రెండోది పెట్టి నాలుగు నెలలు కూడా కాలేదు. అమ్మను కంటి ఆపరేషన్‌కి విశాఖ తీసుకెళ్లాల్సిన రోజు, తెల్లవారుజామున నాలుగింటికి సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఆగిపోయింది. మా ఊరు కళింగపట్నం దగ్గర. ఆ వేళకి ఆటో కూడా దొరకదు. అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కార్లోనే కూర్చుంది. నేను వెళ్లి పక్కింటి తలుపు కొట్టాను. ఆ తెల్లవారుజాము టెన్షన్ నాకింకా గుర్తే. నా కోపం బ్యాటరీ మీద కాదు. రెండుసార్లూ ఏమీ కొలవకుండా, బానెట్ ఎత్తి చూసి ‘బ్యాటరీ పోయిందండీ’ అన్న దుకాణం మీద.

ఆ వారమే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఈ మీటర్ కొన్నాను. ఇంజన్ ఆపి రాత్రంతా ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. ఇది చాలామందికి తెలిసిందే. మాది పొద్దున్న 12.1, ఇంజన్ నడుస్తుంటే 12.9. అంటే చార్జింగ్ సరిగా లేదు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ (మనవాళ్లు డైనమో అంటారు) పోయిందనే అనుకున్నాను. మార్చడానికి ఎనిమిది వేలు చెప్పారు.

ఈ మీటర్ విలువ నాకు అక్కడే తెలిసింది. దీంతో వోల్టేజి ఎంత ఉందో చూడడమే కాదు, దారిలో ఎంత పోతోందో కూడా పట్టుకోవచ్చు. డయల్ డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒకే వైరుకి రెండు చివర్లా ప్రోబులు, అంటే మీటర్ వైర్ల సూది కొనలు, ఆనించాలి. వైరు బాగుంటే దాదాపు సున్నా చూపుతుంది. అయితే కరెంటు గట్టిగా పారుతున్నప్పుడే ఈ పరీక్షకి అర్థం. అందుకని మా బావని సీట్లో కూర్చోబెట్టి హెడ్‌లైట్లు, బ్లోవర్ అన్నీ వేయించి, ఇంజన్ కొంచెం రేజ్‌లో ఉంచమన్నాను.

ముందు ఆల్టర్నేటర్ దగ్గరే కొలిచాను. 14.3. అది బంగారంలా పనిచేస్తోంది! బ్యాటరీ దగ్గరేమో 12.9. మధ్యలో 1.4 వోల్టులు ఎక్కడికి పోయాయి? ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.1. ఎర్త్, అంటే మైనస్ వైపు దారి, బాగానే ఉంది. ఆల్టర్నేటర్ ప్లస్ బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య 1.3.

“ఏటి బావా, దొరికిందా?” అన్నాడు లోపల్నుంచి.

“ఇంజన్ ఆపెయ్, దొరికింది” అన్నాను.

బ్యాటరీ మైనస్ తీసేసి, ఆల్టర్నేటర్ వెనక రబ్బరు టోపీ పైకి లాగాను. లోపల నట్టు వేలితోనే తిరిగింది. వైరు చివర బోల్టుకి బిగించే లగ్గు చుట్టూ పచ్చగా చిలుము, వైరు మీది తొడుగు జానెడు మేర గోధుమరంగుకి మారి ఎండు పుల్లలా బిగుసుకుపోయి ఉంది. మాది ఉప్పు గాలి తగిలే చోటు. వదులైన నట్టు దగ్గర చిలుము పట్టి, అక్కడే వేడెక్కి, బ్యాటరీకి వెళ్లాల్సిన చార్జింగ్ అక్కడే తగలబడుతోంది. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ లైటు ఎందుకు వెలగలేదో కూడా అప్పుడర్థమైంది. ఆల్టర్నేటర్ కరెంటు తయారుచేస్తూనే ఉంది కాబట్టి దాని లెక్కలో అంతా బాగున్నట్టే. కాలిన భాగం కోయించి, కొత్త లగ్గు గట్టిగా నొక్కించి, బోల్టుని ఎమరీ పేపర్‌తో రుద్ది బిగించాం. నూట యాభై రూపాయలు. ఆ సాయంత్రం బ్యాటరీ దగ్గర 14.1 కనబడితే నిజంగా కళ్లు చెమర్చాయి. అదే బ్యాటరీ ఇప్పటికీ నడుస్తోంది.

మొదటి ఏడాది ఈ మీటర్ గురించి కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. కిందటి వానాకాలంలో ఒకరోజు ఇంజన్ ఆపి ఉండగానే 13.6 చూపించింది. పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ అంత చూపదు. వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్, అదీ ఇదీ అని ఒక పూటంతా వెతికాను. చివరికి తేలిందేమిటంటే, మీటర్ లోపలి 9 వోల్టుల సెల్ అయిపోవచ్చింది. ఇలాంటి చవక మీటర్లు ఆ సెల్ తగ్గితే అంకెలు పెంచి చూపుతాయి. కొత్త సెల్ వేస్తే 12.5. దీని ప్రోబు వైర్లూ సన్నం, ఒకటి లోపలే తెగితే వేరే జత కొన్నాను. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా పొరపాటున కూడా బ్యాటరీకి ఆనించకూడదు, అది నేరుగా షార్ట్ అవుతుంది. నా మీటర్లో ఆ రంధ్రానికి ఫ్యూజు లేదు.

ఆల్టర్నేటర్‌లో ఒక డయోడ్ పోయి చార్జింగ్ బలహీనపడితే దీంతో తేల్చడం నాకు చేతకాలేదు, అలాంటిదానికి మంచి ఆటో ఎలక్ట్రీషియనే కావాలి. పైగా మాది 2012 నాటి డీజిల్ కారు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్ వోల్టేజిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, వాటిలో 12.9 చూసి కంగారుపడనక్కర్లేకపోవచ్చు. నాలాగా సముద్రం పక్కన ఉండి, పాత బండి నడుపుతూ, నడుస్తున్న బెల్టుకి చెయ్యి దూరంగా ఉంచి ఓపిగ్గా కొలిచేవాళ్లయితే కొనుక్కోండి. దాంతోపాటు ఒక 9 వోల్టుల సెల్ కూడా తీసుకుని డబ్బాలో పడేసుకోండి.